చీనీ తొక్క ఎండినా వాసన ఎందుకు పోదు?

చీనీకాయ తిన్నాక తొక్క పారేసే ముందు దాన్ని దగ్గరగా చూడండి. సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్. తొక్కను మడిచి నొక్కితే చివ్వున చిమ్మేది ఆ నూనే. కంట్లో పడితే మంట!

తడి మిగిలితే తొక్కకు బూజు పడుతుంది. అలాగని మండుటెండలో వేస్తే నీటితోపాటు నూనె కూడా చాలావరకు ఎగిరిపోతుంది. అందుకే కడిగి, తుడిచి, లోపలి తెల్లపొర గీకేసి, సన్నగా చీల్చి గాలాడే నీడలో చేటలో పరచాలి. చేదు, తడి రెండూ ఆ తెల్లపొరలోనే ఎక్కువ. పుటుక్కున విరిగితే ఎండినట్టే. నూనె మాత్రం చాలావరకు తిత్తుల్లోనే మిగులుతుంది, అందుకే వాసన పోదు. చలికాలంలో ఎండడం ఆలస్యమవుతుంది. మంచు పడకముందే చేట లోపలికి తెచ్చుకోవాలి.

పొడి కొట్టి సున్నిపిండిలో కలుపుకోవచ్చు. చైనాలోనైతే కమలా తొక్కను ఏళ్లకేళ్లు దాచి వంటల్లో, మందుల్లో వాడతారు. దాని పేరు చెన్‌పీ. పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది.