పిస్తోలు బరువు – చేతికి సుఖము

అమెరికాలో భార్యకు పిస్తోలు కొనదలచిన భర్త, తేలికైనదే ఆమెకు సుఖమని తలచుట కద్దు. కాని భౌతికశాస్త్రము వేరుగా చెప్పుచున్నది.

8 గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగముతో వెడలినచో, పిస్తోలు అంతే ద్రవ్యవేగముతో వెనుకకు తన్నును. మందు వాయువుల తోపును విడిచి లెక్కించినను, అరకిలో పిస్తోలు 5.6 మీటర్ల వేగముతో తన్నగా, కిలో పిస్తోలు 2.8 మీటర్ల వేగముతోనే తన్నును; ఆ తాకిడి శక్తియు సగమే. తాకిడికి బెదరిన చేయి ట్రిగ్గరు నొక్కకమునుపే అదరును, గురి తప్పును.

చెకొస్లొవేకియాలో 1975లో రూపొందిన సి.జెడ్. 75 ఉక్కు చట్రము గలది. బరువు సుమారు కిలో. అయినను బరువొక్కటే చాలదు. పిడి ఆమె అరచేత ఇమడవలెను. స్లైడును ఆమెయే వెనుకకు లాగగలుగవలెను. కనుక ఆమెయే కాల్చి చూచి ఎన్నుకొనుట మేలు. ఇంట పిల్లలున్నచో, తూటాలు తీసి తాళము వేయుట మరువరాదు.