ప్రతినాయకుని చేతులు

చిత్తూరునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, బాహుదా నది యొడ్డున నున్న కాణిపాకము పేరు వినని తెలుగువారు అరుదు. బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు అక్కడి దైవము. ఆయనను సత్యప్రమాణాల దేవుడని మా ప్రాంతమువారు చెప్పుకుంటారు. బాకీ తీర్చితినని ఒకడు, తీర్చలేదని ఒకడు. పొలము గట్టు జరిపినాడని ఒకడు, జరపలేదని ఒకడు. ఇట్టి తగవులు పెద్దమనుషులవద్ద తెగనప్పుడు ఉభయులును ఇక్కడికి వచ్చి, కోనేటిలో మునిగి, దేవుని యెదుట నిలిచి ప్రమాణము చేస్తారు. మునక వేసి పైకి లేచునంతలోనే భయపడి నిజము ఒప్పుకొన్నవారి కథలు మా యూళ్ళలో కొల్లలు.

ఇటువంటి చోట కూర్చుండి గూఢచారి చిత్రములను గురించి వ్రాయుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. గూఢచారి బ్రదుకే అబద్ధము గదా. పేరు అబద్ధము, వేషము అబద్ధము, చూపే ప్రేమ కూడ పలుమారు అబద్ధమే. అయినను ఈ వ్యాసమునకు కారణము ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోవుట.

ఉద్యోగవిరమణ తరువాత, శనివారము సాయంత్రములందు ఇంటి ముంగిట తెల్లని దుప్పటి కట్టి, ప్రొజెక్టరుతో ఇరుగుపొరుగు పిల్లలకు పాత చిత్రములు చూపుట నాకొక వ్యసనమైనది. ఇంగ్లీషు చిత్రమైనచో నడుమ నడుమ ఆపి, మాటల భావము నేనే తెలుగులో చెప్పుతాను. మొన్నటి వేసవిలో వరుసగా గూఢచారి చిత్రములు వేసినాను. ప్రతినాయకుడు చచ్చినప్పుడెల్ల ఈలలు, చప్పట్లు. చివరి వారము హిచ్‌కాక్ 1942లో తీసిన ‘సాబొటూర్’ వేసినాను. విద్రోహి అని ఆ మాటకు అర్థము. చిత్రము ముగిసి అందరును లేచి పోయినారు. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు మాత్రము చాపలు చుట్టుటకు నాకు సాయపడుతూ మెల్లగా అడిగినాడు:

“అయ్యవారూ, వాడు పడిపోతా ఉంటే నాకు పాపమనిపించింది. వాడు చెడ్డోడే గదా. అట్ల అనిపించడం తప్పా?”

“తప్పేముందిరా” అని పంపివేసినాను. కాని అది సమాధానము కాదని నాకును తెలుసు, వానికిని తెలుసు.

ఆ దృశ్యమును చూడనివారికొరకు కొంచెము వివరించాలి. విమానముల కర్మాగారమును తగులబెట్టిన ద్రోహి పేరు ఫ్రై. నింద మాత్రము నిరపరాధియైన కథానాయకునిపై పడుతుంది. దేశమంతయు తిరిగి తిరిగి, తుదకు న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాప్రతిమ పైని ఇరువురును ఎదురుపడతారు. నాయకుని చేతిలోని పిస్తోలుకు జడిసి వెనుకకు తగ్గిన ఫ్రై పిట్టగోడ మీదుగా జారి, దివిటీ పట్టిన ఆ మహాప్రతిమ చేతిని కరచుకొని వ్రేలాడుతాడు. నాయకుడు వానిని రక్షించుటకై దిగి వచ్చి, వాని కోటు చేతిని పట్టుకుంటాడు. పట్టుకున్నది చేయి కాదు, గుడ్డ మాత్రమే. భుజమువద్ద కుట్టు ఒక్కొక్క పోగే తెగుతుంది. నీ నిర్దోషిత్వమును నేను చెప్పుతానని ఫ్రై ఆ క్షణమున మొర పెట్టుకుంటాడు. చిత్రమంతటిలో ఆ మనిషి నిజము చెప్పుటకు సిద్ధపడినది అప్పుడొక్కటే. కుట్టు పూర్తిగా తెగుతుంది.

ఇన్నేండ్లకు ఆ పిల్లవాని మాటవల్ల నాకొక సంగతి తోచినది. అక్కడ నాయకునికి కావలసినది ఫ్రై చావు కాదు, ఫ్రై నోట నిజము. ఆ నిజము కూడ వానితోనే క్రిందికి పోయినది. చప్పట్లు కొట్టుటకు అక్కడ ఏమున్నది? హిచ్‌కాక్ తరువాతి కాలములో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో సంభాషిస్తూ, ఆ దృశ్యములో తాను పొరబడితిననియు, వ్రేలాడవలసినది ప్రతినాయకుడు కాదు, నాయకుడే అనియు అన్నాడు. అప్పుడు ప్రేక్షకుల ఆదుర్దా ఇంకను హెచ్చెడిదని ఆయన లెక్క. పెద్దల మాట కాదనుటకు సంకోచమే గాని, ఈ విషయములో నేను మా పిల్లవాని పక్షము. నాయకుడు వ్రేలాడినచో మనకు భయము మాత్రమే కలిగేది. జాలి కలిగేది కాదు. అన్నట్లు, ఫ్రై వేషము ధరించిన నార్మన్ లాయిడ్ అనే నటుడు నూటయారేండ్లు జీవించి 2021లో కాలము చేసినాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలందరికీ ఏదో ఊరట కలిగినట్లు కనిపించినది.

హిచ్‌కాక్‌కు ఈ వ్రేలాడు చేతులపై మక్కువ ఎక్కువ. 1959 నాటి ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో రష్‌మోర్ కొండపై నాయకుడు ఒక చేత రాతిని, ఒక చేత నాయికను పట్టుకొని యుండగా, ప్రతినాయకుని అనుచరుడు వచ్చి ఆ వ్రేళ్ళను బూటుకాలితో త్రొక్కుతాడు. వానిని తుపాకిగుండు పడగొట్టినప్పుడు ఎవ్వరికిని జాలి కలుగదు. ‘సాబొటూర్’లో అందించిన చేయి, ఇక్కడ త్రొక్కిన కాలు, తేడా అదియే కాబోలు.

ఇక జేమ్స్ బాండ్ చిత్రములకు వస్తాను. ఆ పరంపరలో తొలి చిత్రము 1962 నాటి ‘డాక్టర్ నో’. ఈ డాక్టరు మహాశాస్త్రజ్ఞుడు. అణుపరిశోధనలో తన చేతులు పోగొట్టుకొని లోహపు చేతులు తగిలించుకొన్నవాడు. ఆ చేతి బలము చూపుటకై ఒక లోహపు బొమ్మను పిడికిట బట్టి నలిపివేస్తాడు కూడ. చివరి ఘట్టములో అణుయంత్రపు నీటిగుంటలోనికి దిగిపోతూ ఇనుప కమ్మీని పట్టుకొని పైకి ప్రాకబోతాడు. ఇనుము ఇనుమును పట్టదు. బొమ్మను నలిపిన చేతికి కమ్మీ చిక్కక జారిపోతుంది. మామూలు మాంసపు చేతులున్నవాడు, బహుశః, ఎక్కగలిగేవాడే.

ఈ దృశ్యము చూచినప్పుడెల్ల నాకు బాహుదా నది జ్ఞప్తికి వస్తుంది. శంఖలిఖితుల కథ భారతము శాంతిపర్వములో నున్నది; మా స్థలపురాణము దానిని ఈ యేటి యొడ్డుననే జరిపిస్తుంది. అనుమతి లేక చెట్టు ఫలములు కోసి తిన్న లిఖితుడు, అన్న మాట మేరకు, తానే రాజువద్దకు పోయి శిక్ష అడుగుతాడు. రాజు వాని చేతులు నరికిస్తాడు. ఈ నదిలో స్నానము చేయగా చేతులు తిరిగి మొలుస్తవి. బాహువులిచ్చినది గనుక బాహుద. ఆ ఫలము మామిడిపండని మావారి నమ్మకము. చిత్తూరు సీమలో కథ జరిగినప్పుడు మరియే పండగును! లిఖితుడు తప్పు ఒప్పుకొని చేతులు పొందినాడు. డాక్టర్ నో చేతులు పోయిన కసిని లోకముపై తీర్చుకొనబోయినాడు. లోహమునకు పశ్చాత్తాపము లేదు.

1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో రెడ్ గ్రాంట్ చావు ఇంతకన్న గట్టిది. రైలు పెట్టెలో బాండును మోకాళ్ళపై నిలబెట్టి గ్రాంట్ పిస్తోలు చూపుతాడు. కాల్చివేసియుండిన కథ ముగిసేదే. బంగారు నాణెములున్నవని బాండు ఆశ చూపుతాడు. రెండవ పెట్టెను గ్రాంట్ తన చేతులతోనే తెరుస్తాడు. అందులోని పొగ వాని కండ్లలో కొడుతుంది. ఏ తీగెతో బాండు గొంతు బిగించబోయినాడో, తుదకు అదే తీగె వాని గొంతుకు బిగుస్తుంది. మరుసటి యేటి ‘గోల్డ్‌ఫింగర్’లో, ఉక్కు అంచు గల టోపీని విసరి మనుష్యులను చంపే ఆడ్‌జాబ్, ఇనుప ఊచలలో చిక్కుకున్న ఆ టోపీని తీసుకొనబోయి విద్యుత్తు తగిలి చస్తాడు. తరువాతి చిత్రములలో చావులు పెద్దవైనవి, గుర్తు చిన్నదైనది. 1973లో ఒకడు వాయువుతో బుడగవలె ఉబ్బి పేలిపోతాడు. పిల్లలు పగలబడి నవ్వినారు. నవ్వు వచ్చినచోట చావు జ్ఞాపకముండదు.

మన తెలుగులో ఈ బాణీని నిలిపినది 1966 నాటి ‘గూఢచారి 116’. మల్లికార్జునరావు దర్శకుడు, కృష్ణ నాయకుడు, జయలలిత నాయిక. హిందీలో అది 1967లో ‘ఫర్జ్’గా వచ్చి జితేంద్రకు పేరు తెచ్చినది. అటు తరువాత 1983లో చిరంజీవి ‘గూఢచారి నెం.1’, 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చినవి. ఈ తరహా చిత్రములన్నిటిపై నాకు అభిమానమున్నది గాని, ఒక చిన్న ఫిర్యాదు కూడ ఉన్నది. ‘116’లో నాకు గుర్తున్న చావు ప్రతినాయకునిది కాదు, మొదట్లోనే హతుడయ్యే 303వ నంబరు గూఢచారిది, అనగా శోభన్‌బాబుది. మన చిత్రములలో విలను ముష్టిఘాతములు తిని, స్థావరముతో కూడ పేలిపోతాడు. తన పాపమే తన మెడకు చుట్టుకొని చచ్చే భాగ్యము వానికి తరచుగా దక్కదు.

మనకు ఆ విద్య తెలియక కాదు. భస్మాసురుడు తన చేతిని తన తలపైననే పెట్టుకొన్నాడు. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసము’ నిండ గూఢచారులే. పాములవాని వేషమున వచ్చిన విరాధగుప్తుడు రాక్షసమంత్రికి తమ మనుష్యులు ఒక్కొక్కరు ఎట్లు చచ్చిరో చెప్పే ఘట్టము రెండవ అంకములో నున్నది. ఉపాధ్యాయులు దానిని తరగతిలో చదివి వినిపింపదగును. చంద్రగుప్తునికి విషౌషధము కలిపి యిచ్చిన వైద్యుడు, బంగారు పాత్రలో రంగు మారుట చాణక్యుడు పసిగట్టగా, ఆ మందు తానే త్రాగి చచ్చినాడు. పడకగది గోడలోని సొరంగమున దాగినవారు, గోడ బీటనుండి చీమలు అన్నపు మెతుకులు మోసుకొని పోవుటవలన పట్టుబడి, ఆ గదితోనే కాలిపోయినారు. ఇంతమందిని చంపిన కవి అసలు ప్రత్యర్థిని మాత్రము చంపలేదు. మిత్రుడైన చందనదాసుని శూలమునుండి తప్పించుటకై రాక్షసుడు తనంత తానే వచ్చి లొంగిపోతాడు. చాణక్యుడు వానికి మంత్రిపదవి నిచ్చి తాను తప్పుకుంటాడు. ఫ్రై విషయమున తెగిన కుట్టు ఇక్కడ తెగలేదు.

ఈ సంగతులన్నియు కూర్చుకొని, రెండు వారముల తరువాత ఆ పిల్లవానికి చెప్పినాను. వాడు విని ఊరకున్నాడు. ఆ రాత్రి హిచ్‌కాక్ 1935లో తీసిన ‘ది థర్టీనైన్ స్టెప్స్’ వేసినాను. అందులో మిస్టర్ మెమరీ అని ఒక ధారణాశాలి ఉన్నాడు. మన అవధానులవలె రంగస్థలముపై నిలిచి ఎవరు ఏమి అడిగినను చెప్పగలవాడు. శత్రువులు ఆ ధారణలోనే దేశరహస్యమును దాచి దాటించబోతారు. కథానాయకుడు సభలోనుండి లేచి ఆ ముప్పదితొమ్మిది మెట్లేమిటని కేక వేసి అడుగుతాడు. చెప్పినచో చావు తప్పదు. అయినను అడిగినదానికి తెలిసిన జవాబు చెప్పక ఊరకుండుట వానివల్ల కాదు. చెప్పబోతాడు, గుండు తగులుతుంది. తెర వెనుక ప్రాణము పోతూ ఆ రహస్యసూత్రమునంతయు ఒప్పజెప్పి, సరిగా చెప్పితినా అని అడుగుతాడు. సరిగానే చెప్పినావని నాయకుడు అంటాడు.

ఈసారి ఎవ్వరును ఈల వేయలేదు. చాపలు చుట్టేటప్పుడు వాడు మళ్ళీ వచ్చినాడు.

“అయ్యవారూ, ఈయన మంచోడా, చెడ్డోడా?”

“నీకేమనిపించిందిరా?”

“శత్రువులకు సాయం చేసినాడు. కానీ అబద్ధం చెప్పలేకపోయినాడు” అని, కొంచెము సేపు చాప చుట్టుట ఆపి, “కాణిపాకంలో ప్రమాణం చేయిస్తే ఈయన గెలుస్తాడా, ఓడిపోతాడా?” అని అడిగినాడు.

పరీక్ష ప్రశ్నకు ఒక్కటే జవాబుండవలెనని నలుబది యేండ్లు నమ్మినవాడను. రేపు శనివారము వచ్చినప్పుడు చెప్పుతానని పంపినాను. మధ్యలో నాలుగు శనివారములు గడచినవి.