గురికంటే జోరు ముఖ్యం
(గోల్ఫ్‌లో దూరపు పుట్ వెనక ఉన్న లెక్క)

— ఒక విద్యార్థి, బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, గోపాల్‌పేట

గోల్ఫ్ అనగానే అది షావుకార్ల ఆట, మనకెందుకులే అనిపిస్తుంది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా దగ్గరి గోల్ఫ్ మైదానాన్ని చూసినవారు మనలో బహుకొద్దిమంది. అయినా ఆ ఆటలోని ఒక చిక్కు మా గోపాల్‌పేటలో గోటీలాడిన ప్రతి పిల్లవానికీ తెలిసినదే. గుంత దూరమైతే ఎంత జోరుతో వదలాలి?

పొట్టిగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని దొర్లించి గుంతలో వేయడాన్ని 'పుట్' అంటారు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. అది 40 అడుగుల దూరంలో ఉంటే కొత్తవాళ్లు గురి గురించే బెంగపడతారు. లెక్కవేసి చూద్దాం. గురి ఒక డిగ్రీ తప్పితే బంతి సుమారు 8 అంగుళాలు పక్కకు పోతుంది. మూడు డిగ్రీలు తప్పినా రెండడుగులే. మరి జోరు నూటికి పది పాళ్లు ఎక్కువైతే? ఆగేలోపు బంతి పోయే దూరం తొలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుందని ఇంటర్లోనే చదివాం కదా! 1.1 వర్గం 1.21. అంటే బంతి 48 అడుగులు దాటిపోతుంది. అక్కడినుంచి మళ్లీ ఎనిమిదడుగుల పుట్. అదీ తప్పితే మూడోది!

ఈ జోరును అదుపుచేసేది లోలకం సూత్రం. భుజాలనుంచి వేలాడే చేతులు, కర్ర కలిసి ఒక లోలకం. చిన్న ఊపుల్లో దాని ఆవర్తన కాలం మారదు. కనుక లయ మార్చకుండా కర్రను ఎంత వెనక్కు తీస్తే బంతి దగ్గర అంత వేగం. చేతి బలం కొంత కలిసినా, లయ ఒక్కటే ఉంటే ఈ లెక్క దాదాపు నిలుస్తుంది. రెట్టింపు దూరానికి ఊపు రెట్టింపు అక్కరలేదు, 1.4 రెట్లు చాలు. ఊపు చిన్నగా తీసి చివర్లో పొడిస్తే మాత్రం ఏ లెక్కా పనిచేయదు.

నేల సంగతీ చూడాలి. చల్క నేల మీద దొర్లినట్టు గోటీ ఇసుకలో దొర్లదు. పచ్చికా అంతే. దీన్ని కొలవడానికి 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ 'స్టింప్‌మీటర్' చేశాడు. వాలుగా లేపిన పట్టీ మీదినుంచి దిగిన బంతి ఎన్ని అడుగులు దొర్లితే అదే ఆ పచ్చిక అంకె. అంకె 10 ఉన్నచోట 40 అడుగులు పోయే దెబ్బ, 8 ఉన్నచోట 32 అడుగులకే ఆగుతుంది. పొద్దున మంచు తడి ఉంటే ఇంకా ముందే.

సాధన ఇట్లా చేయాలి. 20, 30, 40 అడుగుల దగ్గర గుర్తులు పెట్టుకొని ఒక్కొక్క దూరానికి ఊపు ఎంతో చూసుకోవాలి. కొట్టేముందు గుంతనే చూస్తూ రెండు ఉత్తుత్తి ఊపులు ఊపాలి. బంతి కర్ర మొహానికి నడిమధ్యన తగలాలి. పక్కకు తగిలితే కొంత శక్తి కర్ర మెలిదిరగడంలోనే పోతుంది. గుంత చుట్టూ మూడడుగుల లోపల ఆగితే ఆ దెబ్బ గెలిచినట్టే.

మిత్రులారా! గోల్ఫ్ కర్ర ఖరీదు మనకు అందకపోవచ్చు. సూత్రం అందుతుంది. ఊడ్చిన వాకిట్లో ఒక చెక్కను వాలుగా పెట్టి గోటీని వదలండి. వాలు మార్చకుండా రెట్టింపు ఎత్తునుంచి వదిలితే దాదాపు రెట్టింపు దూరం పోతుంది. పరీక్ష కోసం బట్టీపట్టిన సూత్రం అక్కడ కళ్లముందే దొర్లుతుంది.