ట్రాక్టర్ దిగకూడదు, దుంగ ఎక్కాలి: కొండవాలు నుంచి కర్రను పైకి లాగే పద్ధతి



ఈసారి వీడియో జీవామృతం గురించీ కాదు, కషాయాల గురించీ కాదు. కొండవాలులో కిందపడి ఉన్న సిల్వర్ ఓక్ దుంగల్ని మినీ ట్రాక్టర్‌తో రోడ్డు మీదికి ఎలా లాగామో చూపించాను. వీడియోలో పని కనిపిస్తుంది. దాని వెనక ఉన్న లెక్క, జాగ్రత్తలు చెప్పడానికి అక్కడ టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూసి వెంటనే గొలుసు పట్టుకుని బయలుదేరకండి, ఇది కూడా ఒకసారి చదవండి. ఈ పనిలో తేడా వస్తే పోయేది పంట కాదు, మనిషి.

మా తోట సంగతి

మాది పాడేరు వైపు. కాఫీ, దానికి నీడగా సిల్వర్ ఓక్, ఓక్ మీద మిరియం పాదులు. పైన రోడ్డు, కింద గెడ్డ, మధ్యలో తోట. ఈ ఏడాది కాఫీ పండు కోత అయ్యాక నీడ ఎక్కువైన చోట, చెట్లు వంగిన చోట 14 ఓక్ చెట్లు కొట్టించాం. మిరియం పాకిన చెట్టు ఒక్కటీ ముట్టుకోలేదు. అన్నీ గెడ్డ పక్కనే, రోడ్డుకు దాదాపు 120 అడుగుల దిగువన ఉన్నాయి.

బేరానికి వచ్చిన వ్యాపారి ఒకటే మాట చెప్పాడు. రోడ్డు పక్కన పేర్చి ఉంటే ఒక రేటు, గెడ్డ పక్కన ఉంటే అందులో సగం. తప్పు పట్టడానికి లేదు, పైకి మోయించే ఖర్చు ఆయనదే కదా. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ప్రాంతంలో కాఫీ తోటల మీద ఓక్ చెట్లు విపరీతంగా పడిపోయాయి. రోడ్డుకు దగ్గరున్నవి అమ్ముడుపోయాయి. లోయలో పడ్డవి చాలా వరకు అక్కడే చీకిపోయాయి. మోసిన వాళ్ళలో నడుము పట్టేసి ఇప్పటికీ బరువు ఎత్తలేని వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.

ముందు బరువు తెలుసుకోండి

మన వ్యాపారులు చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో 10 ఘనపుటడుగులు. అసలు ఉన్న కర్ర మాత్రం 12.7 ఘనపుటడుగులు. డబ్బు లెక్కకు ఏది వాడినా, లాగే లెక్కకు మాత్రం అసలు కర్రనే చూడాలి. పచ్చి కర్ర ఘనపు మీటరుకు 800 కిలోలు అనుకుంటే ఈ ఒక్క దుంగ దగ్గరదగ్గర 290 కిలోలు. చుట్టుకొలత 3 అడుగులే ఉంటే బరువు 160 కిలోలకు దిగుతుంది. మందం కొంచెం తగ్గినా బరువు బాగా పడిపోతుంది. అందుకే మొదలు ముక్కల్ని 10 అడుగులు కాకుండా 7 అడుగులకు కోయించాం. వ్యాపారి ఆ సైజు తీసుకుంటాడో లేదో కోసే ముందే అడిగి పెట్టుకోండి.

వాలు కొలత

దీనికి యంత్రం అక్కర్లేదు. 10 అడుగుల కర్రను ఒక చివర నేలకు ఆనించి, రసమట్టం పెట్టి సమానంగా పట్టుకోండి. రెండో చివర నుంచి నేలకు ఎంత దూరం ఉందో కొలవండి. 4 అడుగులు వస్తే 40 శాతం వాలు. మా దగ్గర సరిగ్గా అంతే వచ్చింది.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. 290 కిలోల దుంగ ఆ వాలులో పైకి రావాలంటే, వాలు వల్ల సుమారు 108 కిలోల బరువు కిందికి గుంజుతుంది. నేల రాపిడి ఇంకో 135 కిలోలు. మొత్తం 240 పైచిలుకు కిలోల లాగుడు కావాలి.

మా ట్రాక్టర్ 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్, బరువు సుమారు 900 కిలోలు. మట్టి నేల మీద టైరు పట్టు బరువులో సగం అనుకుంటే, సమతలం మీద అది 450 కిలోలు లాగగలదు. అదే ట్రాక్టర్ ఆ వాలులోకి దిగితే, తన బరువు తాను పైకి మోసుకోవడానికే 334 కిలోల లాగుడు ఖర్చు పెట్టాలి. దుంగకు మిగిలేది 84 కిలోలు. ఇంజిన్‌కు ఎంత హెచ్‌పీ ఉన్నా టైరు జారితే లాభం లేదు.

మా బావమరిది ఈ మధ్యే ట్రాక్టర్ నేర్చుకున్నాడు. "బావా, నాలుగు చక్రాలూ లాగుతాయి కదా, కిందికి దించేద్దాం, గంటలో అయిపోద్ది" అన్నాడు. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాను. "మరి 334 ఎక్కడికి పోయింది?" అని రెండుసార్లు అడిగాడు. "నువ్వు మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తాది? మూట లేకపోయినా వస్తాది కదా" అంటే అర్థమైంది.

అందుకే పద్ధతి ఇది: ట్రాక్టర్ పైన రోడ్డు మీద, సమతలం మీదే ఉంటుంది. కిందికి తాడు మాత్రమే వెళ్తుంది.

ట్రాక్టర్ వెనక్కి ఎందుకు తిరగబడుతుంది

మా పక్క లోయలో రెండేళ్ళ కిందట ఒక ట్రాక్టర్ వాలులో దుంగ లాగుతూ ముందు చక్రాలు లేచి వెనక్కి పడింది. డ్రైవర్ బతికాడు గానీ కాలు పోయింది. ఇది దురదృష్టం కాదు, యంత్రం పని తీరే అంత. దుంగ మోడుకు తట్టుకుని ఆగిపోతే వెనక చక్రాలు తిరగలేవు. ఇంజిన్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగనప్పుడు ఆ బలం ట్రాక్టర్ బాడీనే ఇరుసు చుట్టూ తిప్పుతుంది, ముక్కు పైకి లేస్తుంది. పూర్తిగా తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్ తొక్కేంత టైం ఉండదు.

తాడు ఎక్కడ కట్టామన్నదే ప్రాణం. డ్రాబార్‌కే, అంటే వెనక ఇరుసు కంటే కిందే కట్టాలి. టాప్ లింక్‌కు, సీటు కింద ఫ్రేముకు, ఇరుసుకు ఎప్పుడూ కట్టకండి. తాడు కింద ఉంటే లాగుడు ముక్కును నేలకు అదుముతుంది. పైన ఉంటే అదే లాగుడు ముక్కును లేపుతుంది. తిరగబడినప్పుడు డ్రైవర్‌ను కాపాడే ఇనుప చట్రం మన దగ్గర చాలా మినీ ట్రాక్టర్లకు ఉండదు. ఉన్నవాళ్ళు దాన్ని నిలబెట్టి, బెల్టు పెట్టుకునే పని చేయండి.

మేము వాడిన సామాను

వైర్ రోప్: 10 మి.మీ. ఉక్కు తాడు. ఇది తెగే బరువు సుమారు 5 టన్నులు. పనికి అందులో ఐదో వంతు, అంటే 1 టన్నే లెక్కలోకి తీసుకోవాలి. మన ట్రాక్టర్ టైరు 450 కిలోల దగ్గరే జారిపోతుంది కాబట్టి తాడు తెగే లోపే టైరు జారుతుంది. అలాగే ఉండాలి కూడా. నైలాన్ తాడు వద్దు. అది సాగుతుంది, తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది.

కప్పీ: పక్క తెరుచుకునే రకం, 2 టన్నులది. రోడ్డు పక్కన బతికున్న లావు చెట్టుకు, నేలకు అడుగు ఎత్తులో, బెరడు చెక్కుకుపోకుండా గోనెసంచులు చుట్టి వెడల్పు బెల్టుతో కట్టాం. తాడు కింద నుంచి వచ్చి కప్పీ దగ్గర మలుపు తిరిగి రోడ్డు వెంట వెళ్తుంది. అక్కడ ట్రాక్టర్ ముందుకు నడుస్తుంది. మలుపు 90 డిగ్రీలు ఉంటే చెట్టు మీద పడే బరువు తాడు లాగుడుకు 1.4 రెట్లు. అందుకే ఎండిన చెట్టు, మోడు వద్దు.

క్లాంపులు: తాడు చివర కొంకికి మూడు యూ క్లాంపులు వేశాం. జీను భాగం లాగే పొడవు తాడు వైపు, యూ బోల్టు పొట్టి తోక వైపు ఉండాలి. తిరగేస్తే లాగే తాడే నలిగిపోతుంది.

పాత డ్రమ్ము: ఇది మన ప్రకృతి సేద్యం వాళ్ళ ప్రత్యేకం. జీవామృతం కలిపే 200 లీటర్ల నీలం డ్రమ్ము పగిలిపోయి మూలన పడి ఉంటే, అడుగు భాగాన్ని ఒకటిన్నర అడుగుల ఎత్తున కోశాం. అడుగున మధ్యలో బెజ్జం పెట్టి తాడు దూర్చాం. దుంగ మూతికి టోపీలా తొడిగితే రాళ్ళకు, వేర్లకు తగులుకోకుండా జారుకుంటూ వస్తుంది. టోపీ పట్టని లావు దుంగలకు మూతి అంచుల్ని గొడ్డలితో గుండ్రంగా చెక్కాం. ఈ ఒక్క పనితో మధ్యలో ఆగిపోవడం బాగా తగ్గింది.

లాగే వరస

ముగ్గురు కావాలి. ఒకరు ట్రాక్టర్ మీద, ఒకరు కప్పీకి కాస్త దూరంగా, ఒకరు దుంగను చూస్తూ పక్కన. డ్రైవర్‌కు దుంగ కనపడదు, కాబట్టి ఈలలు పెట్టుకున్నాం. ఒక ఈల అంటే ఆగు. రెండు అంటే లాగు. మూడు అంటే తాడు వదులు చెయ్యి. అర్థం కాని ఈల ఏది వినిపించినా ఆగడమే.

1. దుంగ మూతికి ఒకటిన్నర అడుగు వెనక గొలుసుతో ఉరి వేయండి. లాగేకొద్దీ బిగుస్తుంది.
2. తాడు మధ్యలో తడి గోనెసంచి వేలాడదీయండి. పొరపాటున తెగినా తాడు ఎగరకుండా ఆ బరువు ఆపుతుంది.
3. లో గేర్, తక్కువ రేస్. తాడు ముందు నెమ్మదిగా బిగియాలి. క్లచ్ వదిలి గుంజకండి. కుదుపులో పడే బరువు మన లెక్కలకు అందదు.
4. దుంగ ఆగితే ట్రాక్టర్ కూడా ఆగాలి. తాడు వదులు చేసి, దుంగ వెనక రాయి చెక్క పెట్టి, అప్పుడే దగ్గరికి వెళ్ళి అడ్డు తీయండి. 40 శాతం వాలులో పొడి నేల మీద దుంగ నిలబడుతుంది, తడి ఉంటే జారుతుంది.
5. దుంగకు దిగువన, తాడు మలుపు తిరిగే లోపలి వైపు ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని, కుక్కల్ని ముందే పంపేయండి.

మరీ లావు దుంగలకు రెండో కప్పీ దుంగకే కట్టి, తాడు రెండో చివర పైన చెట్టుకు కట్టాం. అప్పుడు ట్రాక్టర్ మీద పడే లాగుడు దాదాపు సగమవుతుంది, తాడు మాత్రం రెండింతలు కావాలి. తాడు చాలక వాటిని రెండు విడతల్లో లాగాల్సి వచ్చింది.

మొదటి రోజు 9 దుంగలే ఎక్కాయి. మూడో రోజుకు చెయ్యి తిరిగి 20 దాటాయి.

మట్టిని మర్చిపోకండి

దుంగ గీసిన గాడి మొదటి వానకే కాలువ అవుతుంది. ఏళ్ళ తరబడి ఆచ్ఛాదన వేసి కట్టిన పై మట్టి గెడ్డలో కలుస్తుంది. అందుకే అన్ని దుంగలూ ఒకే దారిలో తెచ్చాం. కాఫీ మొక్కలు లేని సందు చూసుకుని, దారి మీద ముందే కొమ్మలు, ఆకు పరిచాం. పని అయ్యాక గాడికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, ప్రతి 15 అడుగులకు సన్న కర్రతో మట్టి కట్ట వేసి నీటిని పక్కకు మళ్ళించాం. దాని మీద నవధాన్యాలు చల్లాం. ఏపీలో ప్రకృతి సేద్యం చేసేవాళ్ళకు వానలకు ముందు పొడి విత్తనం కొత్త కాదు, ఇక్కడా అదే. కోత అయిపోయి, పూత జల్లులు పడక ముందు ఉండే పొడి రోజులే ఈ పనికి సరైన కాలం.

కొమ్మలు, చివర్లు, సన్న కర్ర ఒక్కటీ పైకి తేలేదు. వాలుకు అడ్డంగా వరసలు పేర్చి వదిలాం. అది నేలకు చెందిన తిండి. గెడ్డ గట్టును పట్టుకుని ఉన్న రెండు దుంగల్ని కూడా కదపలేదు. వాటిని లాగితే గట్టు వస్తుంది. ఆ డబ్బు కంటే గట్టు విలువ ఎక్కువ.

చివరగా రెండు మాటలు. చెట్టు కొట్టే ముందు, కర్ర బయటికి పంపే ముందు అనుమతి, రవాణా పత్రం గురించి మీ అటవీశాఖ ఆఫీసులో కనుక్కోండి. మీ వాలు 40 శాతం దాటితే, లేదా పైన ట్రాక్టర్ నడవడానికి సమతలం లేకపోతే ఈ పద్ధతి వాడకండి. తక్కువ రేటుకైనా కిందే అమ్మేయండి, లేదా అక్కడే చీకనివ్వండి. చీకిన దుంగ మట్టికి పనికొస్తుంది.

వచ్చే వీడియోలో మిరియం పాదులకు నీడ ఎంత ఉంచాలో మాట్లాడుకుందాం. ఉంటాను.