టాప్ గేరులో మూలిగే ఇంజన్

బండిని ఎంత మెల్లగా నడిపితే ఇంజన్ అన్ని రోజులు వస్తుందని, డీజిల్ కూడా మిగులుతుందని మనలో చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం గురించి రాస్తున్నాను. ఇదంతా నాకు చెప్పింది హైదరాబాద్‌లో ఖాజాగూడలో ఉండే మా మేనమామ. ఆయన అక్కడ క్యాబ్ నడుపుతాడు. ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను.

ఖాజాగూడ గచ్చిబౌలికి, రాయదుర్గానికి దగ్గర. అక్కడ ఒక చెరువు, ఫక్రుద్దీన్ గుట్ట అనే పెద్ద రాళ్ల గుట్ట ఉన్నాయి. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలట! వాటి చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు. పొద్దున, సాయంత్రం కంపెనీలకు పోయే కార్లతో రోడ్డు నిండిపోతుంది. కాసేపు ఆగుడు, కాసేపు పోవుడు. గుట్ట పక్కనుంచి నానక్‌రాంగూడ వైపు పోయే దారిలో ఎత్తుపల్లాలు కూడా ఉన్నాయి. రోజంతా క్లచ్ తొక్కి తొక్కి డ్రైవర్ల ఎడమ కాలు గుంజుతుంది. అందుకని కొందరు గేరు తగ్గించకుండా నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఎక్కిస్తారు. అప్పుడు బండి వణుకుతుంది, లోపల నుంచి గుర్రుమని మూలుగు వస్తుంది. మా పక్కన ఒక కారు అట్లనే ఎక్కుతుంటే మామ అన్నాడు: "అల్లుడా, సప్పుడు ఇను. గుంజలేక ఏడుస్తున్నది."

ఎందుకు ఏడుస్తుంది? మన హాస్టల్ సంగతితోనే చెప్తాను. లారీలో బియ్యం వచ్చింది, పది నిమిషాల్లో అన్నీ స్టోర్ రూముకు చేర్చాలి అనుకోండి. ఎక్కువసార్లు తిరిగితే ఒక్కోసారి కొంచెమే మోస్తే చాలు. తక్కువసార్లు తిరగాలంటే ఒక్కోసారి మోసే బరువు పెరుగుతుంది. బియ్యం అంతే, టైము అంతే, నడుము మాత్రం విరుగుతుంది. ఇంజన్ లెక్క కూడా ఇదే. మామూలు కారుకు నాలుగు సిలిండర్లు ఉంటే ఇంజన్ ఒక చుట్టు తిరిగినప్పుడు రెండుసార్లు ఇంధనం మండి పిస్టన్‌ను నెడుతుంది. నిమిషానికి 1000 చుట్లయితే 2000 నెట్లు, 2500 చుట్లయితే 5000 నెట్లు. గుట్ట ఎక్కడానికి కావలసిన శక్తి మారదు కనుక, 1000 చుట్ల దగ్గర ఒక్కొక్క నెట్టు సుమారు రెండున్నర రెట్లు గట్టిగా ఉండాలి. ఆ దెబ్బంతా పిస్టన్ మీద, కనెక్టింగ్ రాడ్ మీద, దాని కింది బేరింగ్ మీద పడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ కనుకనే బండి కుదుపుతుంది. ఆ కుదుపు క్లచ్‌కు, గేరు బాక్సుకు, ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులకు కూడా తగులుతుంది.

పెట్రోల్ బండిలో ఇంకొక చిక్కు ఉంది. స్పార్క్ ప్లగ్గు అంటించిన మంట సిలిండర్ అంతా పాకాలి. బరువు మీద మెల్లగా తిరిగేటప్పుడు, మంట అందని మూలన ఉన్న పెట్రోలు గాలి వేడికి, ఒత్తిడికి తనంతట తానే అంటుకోవడానికి టైము దొరుకుతుంది. అప్పుడు లోపల టక టక కొట్టినట్టు వినిపిస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. ఇప్పటి కార్లలో సెన్సర్ దీన్ని కనిపెట్టి స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది గానీ బలం తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుందనుకున్నదీ పోతుంది. కొత్త రకం చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో స్పార్క్ రాకముందే అంటుకునే గట్టి దెబ్బ ఒకటి ఉంటుంది. అది పిస్టన్‌నే పగలగొట్టగలదు. దాన్ని తగ్గించడానికి కూడా పనికొచ్చే ఎస్‌పీ అనే రకం ఇంజన్ ఆయిలు 2020లో వచ్చింది.

ఇక ఆయిలు సంగతి. బేరింగ్‌లో లోహం లోహాన్ని తాకకుండా కాపాడేది పలుచటి ఆయిలు పొర. చెరువులో చిల్లపెంకు విసిరి చూడండి, జోరుగా పోతే నీళ్ల మీద ఎగురుతుంది, జోరు తగ్గితే మునుగుతుంది. పోలిక పూర్తిగా సరిపోదు గానీ దారి ఇదే. ఇంజన్ తిరిగే కొద్దీ ఆ పొర నిలుస్తుంది. తిరుగుడు తగ్గి, బరువు పెరిగితే పొర పలుచబడుతుంది. ఆయిలు పంపును తిప్పేది కూడా ఇంజనే కదా!

మామ వాళ్ల గల్లీలోనే ఒక డ్రైవర్‌కు బేరింగ్ పోయింది. ఇంజన్ విప్పితే, పాత ఆయిలు మార్చకపోవడం ఒకటి, ఎప్పుడూ టాప్ గేరులో గుంజడం ఒకటి అని మెకానిక్ చెప్పాడు. మూడు వారాలు బండి షెడ్డులో ఉంది. కిస్తీ మాత్రం ఆగలేదు. ఆ అన్న ఇద్దరు పిల్లల ఫీజు కోసం అప్పు చేసిండు. మైలేజీ పేరుతో నెలకు ఎన్ని లీటర్లు మిగిలినా ఈ ఖర్చుకు సరిపోవని మామ లెక్క.

డీజిల్ బండిలో స్పార్క్ ప్లగ్గు ఉండదు. అక్కడ టర్బో గాలి నెట్టాలి. చుట్లు బాగా తక్కువుంటే టర్బో సరిగా గాలి ఇవ్వదు, మసి ఎక్కువవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో ఆ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది మసిని కాల్చుకోవాలంటే బాగా వేడెక్కాలి. రోజూ ట్రాఫిక్‌లోనే పాకే బండికి ఆ వేడి దొరకదు. అందుకని అటువంటి బండి ఉన్నవాళ్లు అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కొంతదూరం ఆగకుండా నడుపుతారు.

అయితే మెల్లగా పోవడమే తప్పని అనుకోవద్దు. సాఫు రోడ్డు మీద, కాలు మెత్తగా పెట్టి, పెద్ద గేరులో తక్కువ చుట్లతో పోతే ఇంజన్‌కు నష్టం లేదు, ఇంధనం నిజంగానే మిగులుతుంది. ట్రాఫిక్‌లో మొదటి గేరులో, రెండో గేరులో పాకినా ఏమీ కాదు. "తక్కువ తిరుగుడు తప్పు గాదు. తక్కువ తిరుగుడు మీద బరువు మోపుడు తప్పు" అని మామ మాట. గుర్తు పట్టడం సులువు: ఇంకా తొక్కినా స్పీడు పెరగక, స్టీరింగ్ వణికి, మూలుగు వస్తే ఒక గేరు తగ్గించాలి. చుట్లు పెరిగి శబ్దం ఎక్కువైనా అది ఇంజన్‌కు హాయి. మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు. అరిస్తే కష్టమని కదా మనం అనుకునేది!

ఈసారి ఇంటికి పోయేటప్పుడు కెరమెరి ఘాట్‌లో ఆర్టీసీ డ్రైవర్ చేతిని గమనించండి. మలుపు వచ్చాక కాదు, రాకముందే గేరు తగ్గిస్తాడు. మన వార్డెన్ సారు బండి కూడా బడి ముందరి ఎత్తు దగ్గర రోజూ మూలుగుతుంది. సారు ఇది చదివితే కోపం చేసుకోకూడదని మనవి. అక్కడ మూడో గేరు చాలు సార్.