దివిసీమ రైతు ఇల్లు: కొయ్య కట్టు – పరిశీలన

వ్యాస సంగ్రహం: కృష్ణానది పాయల మధ్య ఏర్పడిన దివిసీమలో రైతు ఇంటిని నిలబెట్టడంలో కొయ్య నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. తాటాకు ఇల్లు, మండువా లోగిలి అనే రెండు నిర్మాణాలలో కప్పు బరువు నేలకు చేరే తీరును, అతుకుల పద్ధతిని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: దివిసీమ, మండువా లోగిలి, తాటి దూలం, కూసం, ఉప్పెన.

1. ప్రవేశిక

అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల నేల ఒండ్రుతో ఏర్పడింది. ఇక్కడ కట్టుబడికి రాయి దొరకదు. నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఇటువంటి నేలపై మట్టిగోడ ఒక్కదానినే నమ్మి కప్పు వేయడం ప్రమాదకరం. కనుక సామాన్యుని ఇంట కప్పును కొయ్య మోస్తుంది, గోడ మరుగునిస్తుంది.

2. తాటాకు ఇల్లు

నేలలో పాతిన నిట్రాడలపై నడికొప్పు దూలం నిలుస్తుంది. చుట్టూ పొట్టి గుంజలు, వాటిపై అడ్డ దూలాలు ఉంటాయి. కొప్పు నుండి చూరు వరకు వాసాలు పరచి, నారతో కట్టి, తాటాకు కప్పుతారు. గోడ తడికపై మెత్తిన మట్టి మాత్రమే. సాధారణంగా చెట్టుకు చేవ లోపల ఉంటుంది; తాటికి మాత్రం వెలుపలి భాగమే గట్టి, నడుమ మెత్తన. అందుకే ముదురు తాడిని నిలువునా చీల్చి, లోపలి మెత్తను తొలగించి దూలాలుగా, వాసాలుగా వాడతారు. పాతిన మొదలు చెమ్మకు కుళ్ళడం ఈ కట్టడపు ప్రధాన లోపం.

3. మండువా లోగిలి

సంపన్న రైతుల లోగిళ్ళలో వెలుపలి గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. లోపల మండువా చుట్టూ ఉన్న కప్పును కొయ్య స్తంభాలు మోస్తాయి. స్తంభాన్ని నేలలో పాతక రాతి దిమ్మెపై నిలపడం వల్ల చెమ్మ సోకదు. పెంకుల కప్పు నాలుగు వైపుల నుండి లోపలికి వాలుతుంది. రెండు వాలులు కలిసే మూలల్లోనే నీరూ బరువూ కూడుతాయి గనుక అక్కడి ఏటవాలు దూలాలు కీలకమైనవి. మండువాలో పడిన వాననీరు తూము ద్వారా బయటకు పోతుంది. టేకు ఈ డెల్టాలో సహజంగా పెరిగే చెట్టు కాదు. బయటి నుండి రావలసిందే. దూలానికి, స్తంభానికి నడుమ అతుకు కూసం, బెజ్జం పద్ధతిలో ఉంటుంది. ‘కూసాలు కదిలిపోయాయి’ అనే జాతీయం ఈ వడ్రంగం నుండి పుట్టినదే.

4. తులనాత్మక దృష్టి

ఇంగ్లండు పల్లెలలోని పాత రైతు ఇళ్ళలోనూ ఓక్ కొయ్య చట్రం బరువు మోస్తుంది. నడుమ తడిక, మట్టి పూత ఉంటాయి. అతుకులను కొయ్య చీలలు బిగిస్తాయి. అక్కడి వడ్రంగులు ప్రతి అతుకుపై గుర్తులు చెక్కేవారు. కెంట్ ప్రాంతంలోని 15వ శతాబ్దపు ‘బేలీఫ్’ రైతు ఇల్లు జలాశయ నిర్మాణంలో మునగవలసి వచ్చినపుడు, దానిని విప్పి సింగిల్టన్‌లోని ఆరుబయలు ప్రదర్శనశాలలో తిరిగి నిలబెట్టారు. చీలలతో బిగించిన చట్రం కనుకనే అది సాధ్యమైంది. చెన్నై సమీపంలోని ముట్టుకాడులో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర కూడా దక్షిణాది పాత ఇళ్ళను ఇలాగే తరలించి నిలబెట్టింది.

5. ఉప్పెన పరీక్ష

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. తాటాకు కప్పు గాలికి లేస్తుంది. నీటి తాకిడికి నారకట్టు తెగుతుంది, మట్టి కరుగుతుంది. తదనంతరం కాంక్రీటు ఇళ్ళు, తుపాను రక్షిత భవనాలు రావడం ప్రాణావసరం. పాత ఇంటిపై మమకారంతో ఈ సత్యాన్ని మరుగుపరచరాదు.

6. ముగింపు

అయితే కొత్త ఇల్లు కట్టుకోవడం వేరు, పాత ఇంటి జ్ఞానాన్ని పోగొట్టుకోవడం వేరు. మండువా లోగిలిని విప్పినపుడు తలుపులు ఒకచోటికి, స్తంభాలు వేరొకచోటికి అమ్ముడుపోతాయి. కొయ్య మిగిలినా, ఏ కూసం ఏ బెజ్జంలో కూర్చున్నదో చెప్పే క్రమం మిగలదు. కనుక విప్పడానికి ముందే కొలతలు, అతుకుల చిత్రాలు, వడ్రంగుల పదజాలం నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. ఇంటిని కాపాడలేని చోట కూడా దాని నిర్మాణ శాస్త్రాన్ని కాపాడవచ్చు.