బైక్‌లపై ఎడారికి పోతున్నారా? ముందు మధ్యాహ్నం లెక్క చూసుకోండి

అమీర్‌పేట్‌లో కోచింగ్, పంజాగుట్టలో ఉద్యోగం. సాయంత్రం చాయ్ దగ్గర నలుగురు కుర్రాళ్లు కలిస్తే మాట బైక్ ట్రిప్ మీదకు పోతుంది. అజ్మీర్‌లో జియారత్ చేసుకుని, అటు నుంచే జోధ్‌పూర్, జైసల్మేర్ చూసి రావాలని ప్లాన్. ఇంట్లో అమ్మీ అడిగేది ఒక్కటే: "ఆ ఎండలో ఎట్లా పోతరు బేటా?" దానికి సరైన జవాబు ఉంటేనే బయల్దేరాలి.

ఎప్పుడు?

రాజస్థాన్‌లోని ఫలోడిలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ నమోదైంది. జైసల్మేర్, జోధ్‌పూర్ కూడా ఆ ఎడారి వైపే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఆలోచనే వద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మేలు. మార్చి, అక్టోబర్‌లలో పోతే మధ్యాహ్నం జాగ్రత్త తప్పనిసరి.

గాలి తగిలితే చల్లబడుతుందా?

చాలామంది పొరపాటు ఇక్కడే. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడిగా ఉంటే, స్పీడ్ పెంచేకొద్దీ అది ఒంటికి వేడిని ఎక్కిస్తుంది. చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియదు. అందుకే జాకెట్ తీసేయొద్దు. లోపల తడిపిన కాటన్ బనియన్ వేసుకోవాలి. దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్లు, మధ్యలో ఓఆర్‌ఎస్ తాగాలి.

రోజు ఎలా నడవాలి?

ఫజర్ చదివి బయల్దేరి, 11 గంటల లోపు నీడకు చేరాలి. జొహర్, భోజనం, కాస్త నిద్ర. అసర్ తర్వాత మళ్లీ బండెక్కి, మగ్రిబ్‌కల్లా ఆగిపోవాలి. చీకటిపడ్డాక ఒంటెలు, ఆవులు రోడ్డు మీదకొస్తాయి. ఇట్లా అయితే రోజుకు 250-300 కిలోమీటర్లే. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు, అంటే ఒక రోజు పని.

ప్రయాణంలో నాలుగు రకాత్‌ల ఫర్జ్‌ను రెండుగా చదివే ఖసర్ సౌకర్యం ఉంది. తాగడానికే నీళ్లు చాలనప్పుడు వాటిని దాచుకుని తయమ్ముమ్ చేసుకోవచ్చు.

గుంపులో ఎవరు ఎక్కడ?

దారి తెలిసినవారు ముందు, కొత్తగా నడిపేవారు వారి వెనకే. టూల్స్, మందుల పెట్టె ఉన్నవారు చివర. ప్రతి ఒక్కరూ అద్దంలో వెనక బండిని చూస్తుండాలి. కనబడకపోతే పక్కకు ఆగాలి. పెట్రోల్ ఎక్కడ పోయించాలో చిన్న ట్యాంక్ ఉన్న బండిని బట్టే నిర్ణయించాలి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఎండకు గట్టిపడ్డాయని మధ్యలో గాలి తీయొద్దు.

ప్రమాద గుర్తులు

తలనొప్పి, వికారం మొదలైతే అందరూ ఆగాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. నీడలో పడుకోబెట్టి, హెల్మెట్, జాకెట్ తీసి, ఒంటిమీద నీళ్లు పోసి విసరాలి. వెంటనే 108 లేదా 112కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు.

పోయే ముందు ఒక ఆదివారం పంజాగుట్ట నుంచి జహీరాబాద్ దాకా, సుమారు 100 కిలోమీటర్లు, ఇదే పద్ధతిలో పోయి రావాలి. "నాతో కాదు, ఆగుదాం" అని ఎవరన్నా అంటే మిగతావాళ్లు మారుమాట లేకుండా ఆగుతున్నారా చూసుకోవాలి. ఇక్కడ ఆగనివారు ఎడారిలోనూ ఆగరు.